పేజీ మారినా వివరాలు పోకూడదంటే: జావా వెబ్ అప్లికేషన్‌లో ఏది ఎక్కడ దాచాలి, ఎలా దాచాలి

ఆర్డర్ల జాబితాలో ఆరో పేజీ దాకా వెళ్లారు. "పెండింగ్" అనే ఫిల్టర్ పెట్టారు, తేదీ ప్రకారం వరుస మార్చారు. ఒక ఆర్డరు తెరిచి చూసి వెనక్కి వస్తే జాబితా మళ్లీ మొదటి పేజీలో ఉంది, ఫిల్టర్ లేదు. ఇంకో సందర్భం: నాలుగు పేజీల దరఖాస్తులో మూడో పేజీ నుంచి రెండో పేజీకి వెళ్లి ఒక అక్షరం దిద్దుకుని వచ్చేసరికి మూడో పేజీలో నింపినదంతా ఖాళీ. పాఠకులు ఈ రెండింటి గురించి అడిగినన్ని సార్లు మరే విషయం గురించీ అడగలేదు. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక మందు వేసి చూసి ఉంటారు. అదేమిటంటే, ఉన్నవన్నీ సెషన్‌లో, అంటే ఒక్కో బ్రౌజర్ కోసం సర్వర్ విడిగా ఉంచే నిల్వలో, పెట్టేయడం. దానితో పాత జబ్బు తగ్గుతుంది, ఇంకా కష్టమైన కొత్త జబ్బు పట్టుకుంటుంది. అందువల్ల ఏ వివరం ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే కోడ్ రాసే క్రమాన్ని ఇక్కడ చెబుతున్నాను.

ఏమేం కావాలి

- సర్వ్‌లెట్లు (రిక్వెస్ట్‌లకు జవాబిచ్చే జావా క్లాసులు) నడిచే కంటైనర్ ఏదైనా సరే: టామ్‌క్యాట్, జెట్టీ, వైల్డ్‌ఫ్లై. ఒక్క జాగ్రత్త: టామ్‌క్యాట్ 9 వరకు సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు జావాఎక్స్‌తో మొదలవుతాయి, 10 నుంచి జకార్తాతో. పాత ఉదాహరణను కొత్త కంటైనర్‌లో యథాతథంగా అతికిస్తే పనిచేయదు.
- జావా 11 లేదా అంతకన్నా కొత్తది.
- బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్. నెట్‌వర్క్ ట్యాబ్‌లో, పేజీ మారినా పాత వరుసలు చెరిగిపోకుండా ఉంచే గడిని టిక్ చేసి పెట్టుకోండి. అది లేకపోతే రీడైరెక్ట్ (సర్వర్ బ్రౌజర్‌ను వేరే చిరునామాకు పంపడం) ఎక్కడ జరిగిందో కంటికి కనిపించదు.
- ఒక కాగితం, ఒక పెన్ను. మొదటి మెట్టు కాగితం మీదే.

సిద్ధాంతం ఇంతే

హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ప్రతి రిక్వెస్ట్ సర్వర్‌కు కొత్తదే. కాబట్టి మీరు గుర్తుంచుకోవాల్సినదాన్ని నాలుగు చోట్లలో ఒకచోట పెట్టాలి. రిక్వెస్ట్ అట్రిబ్యూట్ (సర్వర్‌లో ఆ రిక్వెస్ట్‌కు తగిలించే విలువ) ఆ ఒక్క రిక్వెస్ట్ ముగిసేదాకా బతుకుతుంది. ఫార్వర్డ్ చేస్తే, అంటే అదే రిక్వెస్ట్‌ను సర్వర్ లోపలే మరో పేజీకి అప్పగిస్తే, నిలుస్తుంది; రీడైరెక్ట్ చేస్తే పోతుంది. యూఆర్‌ఎల్‌లో ఉన్నది ఆ చిరునామా ఉన్నంతకాలం ఉంటుంది. సెషన్‌లో ఉన్నది ఆ బ్రౌజర్‌లోని ట్యాబ్‌లన్నిటికీ ఉమ్మడి సొత్తు. గడువు తీరితే పోతుంది. బ్రౌజర్ సొంత నిల్వలో ఉన్నది, మీరు పంపితే తప్ప సర్వర్‌కు తెలియదు.

1. ఏ వివరానికి ఎంత ఆయుష్షో రాసుకోండి

మీ పేజీలో పోకూడనివి ఏమేమిటో కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. ఒక్కొక్కదాని పక్కన ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ చిరునామాను సహోద్యోగికి పంపితే అతనికీ ఇదే కనిపించాలా? ఇదే పేజీని రెండు ట్యాబ్‌లలో తెరిస్తే రెండూ వేర్వేరుగా ఉండాలా? ఒక్కసారి కనిపించి మాయమైతే చాలా?

మొదటిదానికి అవును అంటే అది యూఆర్‌ఎల్‌లోకి వెళ్లాలి. ఫిల్టర్, పేజీ సంఖ్య, వరుస క్రమం, వెతికిన పదం ఇలాంటివే. మొదటిదానికి కాదు, రెండోదానికి అవును అంటే అది ప్రత్యేక తాళంతో (ఆ ఒక్క ఫారాన్ని గుర్తుపట్టే పేరుతో) సెషన్‌లో ఉండాలి. సగం నింపిన ఫారం ఈ కోవలోకి వస్తుంది. ట్యాబ్‌లన్నిటికీ ఒకటే అయితే నేరుగా సెషన్‌లో పెట్టవచ్చు: లాగిన్ అయిన వ్యక్తి, ఎంచుకున్న భాష, బుట్టలోని వస్తువులు. "భద్రపరిచాం" లాంటి ఒక్కసారి చూపే సందేశానికి ఫ్లాష్ అనే పద్ధతి ఉంది, దాని సంగతి నాలుగో మెట్టులో.

ఈ కాగితం పని పది నిమిషాలు కూడా పట్టదు. దాన్ని దాటేసి కోడ్‌లోకి దిగినవారే తర్వాత ఎక్కువ రోజులు తిప్పలు పడటం చూశాను.

2. జాబితా స్థితిని యూఆర్‌ఎల్‌లోకి తీసుకురండి

వెతికే ఫారం పోస్ట్ పద్ధతిలో (విలువలు చిరునామాలో కాకుండా విడిగా వెళ్లేది) ఉంటే ముందు దాన్ని గెట్‌కు (విలువలు చిరునామాలోనే వెళ్లేది) మార్చండి. అప్పుడు యూజర్ ఎంచుకున్నవి చిరునామాలోకి వాటంతట అవే వస్తాయి:

/ఆర్డర్లు?స్థితి=పెండింగ్&వరుస=తేదీ&పేజీ=6

సర్వ్‌లెట్‌లో వీటిని గెట్‌పారామీటర్‌తో చదివి, ఒక చిన్న క్లాసులో పెట్టుకోండి. దాన్ని వెతుకుడు షరతు అని పిలుద్దాం. ఆ క్లాసులో రెండు మెథడ్లు రాయండి. ఒకటి రిక్వెస్ట్ నుంచి షరతును తయారుచేస్తుంది. రెండోది షరతును తిరిగి క్వెరీ స్ట్రింగ్‌గా (చిరునామాలో ప్రశ్న గుర్తు తర్వాతి భాగంగా) మారుస్తుంది. తర్వాతి పేజీ, ముందు పేజీ, నిలువు వరుసల శీర్షికల మీది లింకులు అన్నీ ఆ రెండో మెథడ్ నుంచే పుట్టాలి. ఒక్కో జేఎస్పీలో (పేజీ టెంప్లేట్‌లో) ఒక్కో లింకును చేత్తో అతికిస్తూ పోతే ఎక్కడో ఒకచోట ఒక పారామీటర్ మరిచిపోతారు. "మూడో పేజీకి వెళ్తే ఫిల్టర్ పోతోంది" అన్న ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- విలువలను ఎన్‌కోడ్ చేయకపోవడం. వెతికిన పదంలో "&" ఉంటే పదం అక్కడితో తెగిపోతుంది, మిగిలిన ముక్క వేరే పారామీటర్ అయిపోతుంది. యూఆర్‌ఎల్ ఎన్‌కోడర్ క్లాసులోని ఎన్‌కోడ్ మెథడ్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా యూటీఎఫ్-8 ఇవ్వండి. జావా 10 నుంచి క్యారెక్టర్ సెట్‌నే నేరుగా ఇవ్వవచ్చు. పాత పద్ధతిలో వచ్చే ఎక్సెప్షన్ బెడద ఉండదు.
- పేజీ సంఖ్యను నమ్మేయడం. ఎవరైనా పేజీ=-3 అనో, పేజీ=అఆ అనో పంపవచ్చు. అంకె కాకపోతే, ఒకటి కన్నా తక్కువైతే ఒకటిగా తీసుకోండి. చివరి పేజీని మించితే చివరి పేజీకి తెండి.
- వరుస పేరును నేరుగా ఎస్క్యూఎల్‌లో అతికించడం. ఇది ప్రమాదకరం. ఆర్డర్ బై తర్వాత వచ్చే నిలువు వరుస పేరును ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ప్రశ్న గుర్తుతో బైండ్ చేయలేరు. కాబట్టి అనుమతించిన పేర్ల పట్టిక ఒకటి పెట్టుకుని, వచ్చిన పేరు అందులో ఉంటేనే వాడండి.
- ఫిల్టర్ మార్చినప్పుడు పేజీ సంఖ్యను అలాగే వదిలేయడం. ఫిల్టర్ మారితే పేజీ ఒకటికి రావాలి. లేకపోతే పన్నెండు ఫలితాలున్న జాబితాలో ఆరో పేజీ తెరుచుకుని ఖాళీగా కనిపిస్తుంది.

యూఆర్‌ఎల్ పొడవుకూ హద్దు ఉంది. మనం ఏ అమరికా మార్చకపోతే టామ్‌క్యాట్ రిక్వెస్ట్ మొదటి వరుసనూ హెడర్లనూ కలిపి 8 కిలోబైట్ల దాకానే ఒప్పుకుంటుంది, దాటితే 400 లోపం ఇస్తుంది. తెలుగు అక్షరాలు ఎన్‌కోడ్ అయితే ఒక్కో కోడ్‌పాయింట్ తొమ్మిది అక్షరాలు తీసుకుంటుందని గుర్తుంచుకోండి. ఒత్తులు, గుణింతాలు వేరుగా లెక్క. టిక్ చేసిన రెండు వందల వరుసల సంఖ్యలను యూఆర్‌ఎల్‌లో మోయించకండి, వాటికి ఐదో మెట్టు సరిపోతుంది.

3. వివరాల పేజీకి వెళ్లేటప్పుడు తిరుగు దారి ఇచ్చి పంపండి

జాబితా స్థితి యూఆర్‌ఎల్‌లో ఉంటే బ్రౌజర్ బ్యాక్ బటన్ దానంతట అదే సరిగ్గా పనిచేస్తుంది. చిక్కంతా పేజీలో మీరు పెట్టే "జాబితాకు తిరిగి" లింకుతోనూ, సేవ్ చేశాక జాబితాకు చేర్చే రీడైరెక్ట్‌తోనూ.

వివరాల పేజీ లింకుకు "తిరుగు" అనే ఇంకో పారామీటర్ కలపండి. అందులో పూర్తి చిరునామా పెట్టవద్దు, జాబితా క్వెరీ స్ట్రింగ్ మాత్రమే పెట్టండి, అదీ మొత్తంగా ఎన్‌కోడ్ చేసి. వివరాల పేజీలో దాన్ని దాచిన ఫీల్డుగా ఉంచండి. సేవ్ అయ్యాక సర్వ్‌లెట్ తనకు తెలిసిన జాబితా దారికి ఆ క్వెరీని తగిలించి రీడైరెక్ట్ చేయాలి.

పూర్తి చిరునామా ఎందుకు వద్దంటే, ఎవరో దుర్మార్గుడు ఆ పారామీటర్‌లో తన సైటు చిరునామా పెట్టి మీ యూజర్‌కు లింకు పంపవచ్చు. యూజర్ మీ సైటులో సేవ్ నొక్కి అతని సైటులో తేలతాడు. చాలా జాబితాలు ఉండి పూర్తి దారి తప్పదనుకుంటే, అది ఒకే ఒక్క గీతతో మొదలవుతోందో లేదో చూడండి. రెండు గీతలతో గానీ, గీత తర్వాత వెనక్కి వాలిన గీతతో గానీ మొదలైతే తిరస్కరించండి. బ్రౌజర్లు వాటిని వేరే సైటుగా చదువుతాయి.

దాచిన ఫీల్డులో విలువను రాసేటప్పుడు జేఎస్‌టీఎల్ సీ-అవుట్ ట్యాగు గానీ మీ టెంప్లేట్ ఇచ్చే ఎస్కేప్ సదుపాయం (కోడ్‌గా చదివే గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చేది) గానీ తప్పనిసరిగా వాడండి. పైకి కనిపించదు గదా అని వదిలేసిన ఫీల్డులోంచే స్క్రిప్ట్ చొరబడుతుంది.

4. సేవ్ చేశాక రీడైరెక్ట్, సందేశానికి ఫ్లాష్

పోస్ట్ రిక్వెస్ట్‌కు జవాబుగా నేరుగా పేజీ చూపిస్తే, యూజర్ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ ఫారం మళ్లీ పంపాలా అని బ్రౌజర్ అడుగుతుంది. సరే అంటే ఆర్డరు రెండుసార్లు పడుతుంది. అందుకని పోస్ట్‌లో పని పూర్తి చేసి, సెండ్‌రీడైరెక్ట్ పిలిచి, చూపించే పనిని గెట్‌కు వదలండి.

ఇక్కడే "రిక్వెస్ట్‌లో సందేశం పెట్టాను, తర్వాతి పేజీలో రావడం లేదు" అన్న ప్రశ్న పుడుతుంది. రీడైరెక్ట్ అంటే బ్రౌజర్ కొత్త రిక్వెస్ట్ పంపడం. పాత రిక్వెస్ట్, దాని అట్రిబ్యూట్లు అప్పటికే పోయాయి. సందేశాన్ని సెషన్‌లో పెట్టి, తర్వాతి పేజీలో చదివిన వెంటనే రిమూవ్‌అట్రిబ్యూట్‌తో తీసేయండి. ఫ్లాష్ అంటే ఇదే. జావా వెబ్ ఫ్రేమ్‌వర్కులైన స్ప్రింగ్ ఎంవీసీ, జేఎస్‌ఎఫ్ వాడేవారికి స్ప్రింగ్ ఎంవీసీలో 3.1 నుంచి రీడైరెక్ట్ అట్రిబ్యూట్స్ ద్వారానూ, జేఎస్‌ఎఫ్‌లో 2.0 నుంచి ఫ్లాష్ వస్తువు ద్వారానూ ఇది సిద్ధంగా దొరుకుతుంది.

రెండు హెచ్చరికలు. సెండ్‌రీడైరెక్ట్ పిలిచిన తర్వాత రిటర్న్ రాయండి. ఆ పిలుపుతో మెథడ్ ఆగదు, కింది వరుసలూ నడుస్తాయి. అక్కడ ఫార్వర్డ్ ఉంటే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. రెండోది, గీతతో మొదలయ్యే దారిని ఫార్వర్డ్ మీ అప్లికేషన్ మూలం నుంచి లెక్కిస్తుంది, సెండ్‌రీడైరెక్ట్ సర్వర్ మూలం నుంచి లెక్కిస్తుంది. కాబట్టి రీడైరెక్ట్‌కు ముందు కాంటెక్స్ట్ పాత్ (సర్వర్‌లో మీ అప్లికేషన్ ఉన్న దారి) కలపాలి. మీ కంప్యూటర్‌లో బాగా పనిచేసి, సర్వర్ మీదకు వెళ్లగానే 404 వస్తుంటే ముందు ఇక్కడ చూడండి.

ఫారంలో తప్పులు ఉన్నప్పుడు మాత్రం రీడైరెక్ట్ వద్దు. యూజర్ రాసిన విలువలనూ తప్పుల జాబితానూ రిక్వెస్ట్‌లో పెట్టి అదే పేజీకి ఫార్వర్డ్ చేయండి. ఒక్క గడిలో తప్పుందని ఇరవై గడులు ఖాళీ చేసి చూపడం కన్నా యూజర్‌ను నిరుత్సాహపరిచేది ఇంకొకటి లేదు.

5. అనేక పేజీల ఫారం: సెషన్‌లో, కానీ తాళంతో

ఇక్కడ నిదానించండి. ఒకచోట నేను పనిచేసిన అప్లికేషన్‌లో, దిద్దుతున్న ఖాతాదారు వివరాలను సెషన్‌లో "ప్రస్తుత ఖాతాదారు" అనే ఒకే పేరు కింద ఉంచాం. పరీక్షల్లో ఎవరికీ లోపం కనబడలేదు. వాడకంలోకి వచ్చాక ఒక ఉద్యోగి మొదటి ట్యాబ్‌లో ఒకరిని తెరిచి, పోల్చి చూడటానికి రెండో ట్యాబ్‌లో మరొకరిని తెరిచారు. తిరిగి మొదటి ట్యాబ్‌కు వచ్చి చిరునామా మార్చి సేవ్ నొక్కారు. తెర మీద ఉన్నది మొదటి వ్యక్తి, సెషన్‌లో ఉన్నది రెండో వ్యక్తి. ఒకరి చిరునామా మరొకరి ఖాతాలో పడింది. ఏ ఎక్సెప్షనూ రాలేదు, లాగ్‌లో ఏ జాడా లేదు. ఆ తప్పును కనిపెట్టడానికి పట్టిన కాలం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఈ మెట్టును మాత్రం దయచేసి దాటవేయకండి.

చేయాల్సింది ఇది:

అ) ఫారం మొదటి పేజీ తెరిచినప్పుడు యూయూఐడీ క్లాసులోని ర్యాండమ్‌యూయూఐడీతో ఒక తాళం (మరొకదానితో కలవని యాదృచ్ఛిక గుర్తింపు) పుట్టించండి. ఖాళీ చిత్తుప్రతి వస్తువు ఒకటి తయారుచేయండి.

ఆ) సెషన్‌లో "చిత్తుప్రతులు" పేరుతో ఒక మ్యాప్ ఉంచండి. తాళం కీ, చిత్తుప్రతి విలువ.

ఇ) తాళాన్ని యూఆర్‌ఎల్‌లో పారామీటర్‌గా మోయండి, ప్రతి ఫారంలో దాచిన ఫీల్డుగానూ పెట్టండి. ప్రతి రిక్వెస్ట్‌లో తాళంతో మ్యాప్‌ను వెతికి, దొరికిన చిత్తుప్రతి మీదే పనిచేయండి.

ఈ) తాళం లేకపోయినా, దానికి చిత్తుప్రతి దొరక్కపోయినా మౌనంగా కొత్తది తయారుచేయకండి. "ఈ దరఖాస్తు గడువు ముగిసింది" అని చెప్పి మొదటి పేజీకి పంపండి. మౌనంగా ఖాళీది తయారుచేస్తే సగం వివరాలతో దరఖాస్తు భద్రమవుతుంది.

ఉ) చివరి పేజీలో డేటాబేస్‌కు రాసిన వెంటనే ఆ తాళాన్ని మ్యాప్ నుంచి తీసేయండి. యూజర్ బ్యాక్ నొక్కి మళ్లీ పంపినా రెండోసారి భద్రం కాదు.

ఊ) మ్యాప్‌లో చిత్తుప్రతులకు హద్దు పెట్టండి. నేను ఐదుకు ఆపుతాను. ఆరోది వస్తే అన్నిటికన్నా పాతది పోతుంది. లింక్డ్ హ్యాష్‌మ్యాప్‌లో రిమూవ్ ఎల్డెస్ట్ ఎంట్రీ మెథడ్‌ను మళ్లీ రాస్తే ఇది సులభం. ఒకే యూజర్ నుంచి రెండు రిక్వెస్ట్‌లు ఒకేసారి రావచ్చు, కంటైనర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా నడపదు. కాబట్టి మ్యాప్‌ను మార్చే చోట సింక్రనైజ్ చేయండి, అంటే ఒకసారికి ఒక్క రిక్వెస్టే దాన్ని మార్చేలా చూడండి.

ట్యాబ్‌ను డూప్లికేట్ చేస్తే తాళం కూడా నకలవుతుంది, రెండు ట్యాబ్‌లూ ఒకే చిత్తుప్రతిని పట్టుకుంటాయి. ముఖ్యమైన సమాచారమైతే చిత్తుప్రతిలో ఒక సంచిక సంఖ్య (వెర్షన్ నంబరు) ఉంచండి. ప్రతి పోస్ట్‌లో దాన్ని దాచిన ఫీల్డుతో సరిచూసి, కలిస్తే ఒకటి పెంచండి. కలవకపోతే "ఈ ఫారం మరో ట్యాబ్‌లో మారింది" అని చెప్పి తాజా వివరాలు చూపండి.

"వెనక్కి" బటన్ సంగతి. దాన్ని మామూలు లింకుగా పెడితే ఆ పేజీలో యూజర్ అప్పటిదాకా రాసింది సర్వర్‌కు చేరదు. మూడో పేజీ ఖాళీ అవడానికి అసలు కారణం సాధారణంగా ఇదే. వెనక్కి కూడా సబ్మిట్ బటన్‌గానే ఉండాలి. రాసింది రాసినట్టు చిత్తుప్రతిలో పెట్టుకోవాలి, తప్పుల తనిఖీ మాత్రం చేయకూడదు. బ్రౌజర్ తనిఖీ అడ్డురాకుండా ఆ బటన్‌కు ఫామ్‌నోవాలిడేట్ అనే హెచ్‌టీఎంఎల్ లక్షణం పెట్టండి.

మూడు రకాల గడులు ప్రత్యేకంగా ఇబ్బంది పెడతాయి. టిక్ తీసేసిన చెక్‌బాక్స్ అసలు సర్వర్‌కు రాదు. "పారామీటర్ నల్ కాకపోతేనే రాయి" అన్న కోడ్ ఉంటే ఒకసారి పెట్టిన టిక్ ఎప్పటికీ పోదు. ఆ పేజీకి చెందిన చెక్‌బాక్సులన్నిటినీ ముందు తప్పు (ఫాల్స్)గా పెట్టి, తర్వాత వచ్చినవాటిని ఒప్పు (ట్రూ)గా పెట్టండి. ఫైలు గడిలో విలువను సర్వర్ నింపలేదు, బ్రౌజర్ ఒప్పుకోదు. ఫైలు వచ్చిన వెంటనే తాత్కాలిక చోట భద్రపరిచి, చిత్తుప్రతిలో దాని గుర్తింపు మాత్రమే ఉంచి, తిరిగి వచ్చినప్పుడు ఫైలు పేరు చూపించండి. పాస్‌వర్డ్‌ను మాత్రం తిరిగి నింపవద్దు, మళ్లీ అడగండి.

సెషన్ వద్దనుకుంటే రెండు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. చిన్న ఫారాలకు అన్ని విలువలనూ దాచిన ఫీల్డులుగా పేజీ నుంచి పేజీకి మోయవచ్చు; యూజర్ వాటిని మార్చగలడు కాబట్టి చివర్లో అన్నిటినీ మళ్లీ తనిఖీ చేయాలి. నింపడానికి రోజులు పట్టే పెద్ద దరఖాస్తు అయితే చిత్తుప్రతిని డేటాబేస్ పట్టికలోనే ఉంచండి. నా అభిప్రాయంలో అరగంట దాటే ఏ ఫారానికైనా ఇదే సరైన దారి. కుకీ (సర్వర్ ఇచ్చి బ్రౌజర్ దాచుకునే చిన్న వివరం) వైపు మాత్రం పోకండి: ఒక్కో కుకీకి సుమారు 4 కిలోబైట్లే చోటు, పైగా ప్రతి రిక్వెస్ట్‌తోనూ అది ప్రయాణం చేస్తుంది.

6. సెషన్ ఆయుష్షును లెక్కగా పెట్టండి

వెబ్ ఎక్స్‌ఎంఎల్‌లో సెషన్ గడువు నిమిషాల్లో రాస్తారు. కోడ్‌లో సెట్‌మ్యాక్స్ఇనాక్టివ్ఇంటర్వల్‌కు సెకన్లలో ఇస్తారు. కోడ్‌లో 30 అని రాసి అరగంట అనుకుంటే యూజర్ అర నిమిషం ఆగగానే బయటపడతాడు. టామ్‌క్యాట్ తనతో తెచ్చుకునే అమరికలో గడువు 30 నిమిషాలు.

సెషన్‌లో పెట్టే ప్రతి క్లాసూ సీరియలైజబుల్ (బైట్లుగా రాసి తిరిగి చదవగలిగేది) కావాలి, దాని లోపలి ఫీల్డులు కూడా. కంటైనర్ సెషన్‌లను డిస్కుకు రాసే అమరికలోనూ, రెండు సర్వర్ల మధ్య నకలు చేసే అమరికలోనూ అలా కాని వస్తువు పనికిరాదు. నకలు చేసే అమరికలో ఇంకో మెలిక ఉంది: సెషన్ నుంచి తీసిన వస్తువును లోలోపల మార్చి ఊరుకుంటే మార్పు రెండో సర్వర్‌కు వెళ్లకపోవచ్చు. మార్చిన ప్రతిసారీ సెట్‌అట్రిబ్యూట్ మళ్లీ పిలవండి. డేటాబేస్ కనెక్షన్, హైబర్నేట్ (డేటాబేస్ వరుసలను జావా వస్తువులుగా అందించే లైబ్రరీ) సెషన్‌కు ఇంకా అతుక్కుని ఉన్న ఎంటిటీ లాంటివి సెషన్‌లో పెట్టకండి. గుర్తింపు సంఖ్య పెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ చదవండి.

లాగిన్ అయిన క్షణంలో సెషన్ గుర్తింపు మార్చాలి. సర్వ్‌లెట్ 3.1 నుంచి ఉన్న చేంజ్‌సెషన్‌ఐడీ మెథడ్ లోపలి వివరాలను అలాగే ఉంచి గుర్తింపును మాత్రం మారుస్తుంది. ఇన్‌వాలిడేట్ చేసి కొత్త సెషన్ తెరిస్తే బుట్ట ఖాళీ అవుతుంది.

7. ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే

స్ప్రింగ్ ఎంవీసీలో సెషన్ అట్రిబ్యూట్స్ అనే అనొటేషన్ అనేక పేజీల ఫారానికి తేలిక. పని అయ్యాక సెషన్ స్టేటస్ మీద సెట్‌కంప్లీట్ పిలవాలి, లేకపోతే తర్వాతి దరఖాస్తులో పాతవారి వివరాలు కనిపిస్తాయి. అది కూడా పేరుతోనే దాస్తుంది కాబట్టి రెండు ట్యాబ్‌ల చిక్కు అక్కడా ఉంది. దానికి ఐదో మెట్టులోని తాళమే మందు.

జేఎస్‌ఎఫ్‌లో వ్యూ స్కోప్ ఉన్న బీన్ (ఫ్రేమ్‌వర్క్ చూసుకునే వస్తువు) ఒకే పేజీలో పోస్ట్‌లు ఎన్ని జరిగినా నిలుస్తుంది, వేరే పేజీకి వెళ్లగానే పోతుంది. దాన్ని పేజీల మధ్య మోయడానికి వాడి "పోతోంది" అనుకోవడం సర్వసాధారణం. పేజీల మధ్యకు సీడీఐ (బీన్‌ల ఆయుష్షును చూసుకునే జావా ప్రమాణం) ఇచ్చే కాన్వర్సేషన్ స్కోప్ ఉంది. బిగిన్‌తో మొదలుపెట్టి ఎండ్‌తో ముగించండి. మామూలు లింకులకు ఆ కాన్వర్సేషన్ గుర్తింపైన సీఐడీ పారామీటర్‌ను మీరే కలపాలి. అంటే తాళం పద్ధతినే అది మీ తరఫున చేస్తోందన్నమాట. జేఎస్‌ఎఫ్ 2.2, 2.3 ప్రాజెక్టులలో ఇంకో పాత ఉచ్చు ఉంది. వ్యూ స్కోప్డ్ పేరుతో రెండు అనొటేషన్లు ఉంటాయి. నేమ్డ్‌తో పాటు బీన్ ప్యాకేజీలోని పాతది దిగుమతి చేస్తే సీడీఐ దాన్ని పట్టించుకోదు, విలువలు నిలవవు. వ్యూ ప్యాకేజీలోనిది తీసుకోండి.

వికెట్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో పేజీ స్వయంగా జావా వస్తువు. సెట్‌రెస్పాన్స్‌పేజ్‌కు క్లాసు ఇస్తే కొత్త పేజీ పుడుతుంది, పాత వస్తువునే ఇస్తే స్థితి అంతా అలాగే వస్తుంది. వివరాల పేజీకి జాబితా పేజీ రిఫరెన్స్‌ను కన్‌స్ట్రక్టర్‌లో అందించి, తిరిగి వచ్చేటప్పుడు దాన్నే వాడండి.

8. టైప్ చేస్తున్నది, స్క్రోల్ ఉన్నచోటు

ఇంకా సబ్మిట్ చేయని అక్షరాలను సర్వర్ ఎలాగూ చూడదు. పొడవైన వ్యాఖ్య గడి ఉంటే బ్రౌజర్‌లోని సెషన్ స్టోరేజ్‌లో ప్రతి కొన్ని సెకన్లకు దాచి, పేజీ తెరుచుకోగానే తిరిగి నింపండి. అది ట్యాబ్‌కు ట్యాబ్‌కు వేరు, రిఫ్రెష్‌కు నిలుస్తుంది. లోకల్ స్టోరేజ్ అన్ని ట్యాబ్‌లకూ ఉమ్మడి, మూసినా పోదు. పదిమంది వాడే కంప్యూటర్‌లో వ్యక్తిగత వివరాలు దాచడానికి తగదు.

బ్యాక్ నొక్కినప్పుడు బ్రౌజర్ కొన్నిసార్లు పేజీని సర్వర్ నుంచి తేకుండా తన జ్ఞాపకం నుంచే యథాతథంగా లేపుతుంది. స్క్రోల్ స్థానం అలాగే ఉండటం మంచిదే, కానీ ఇప్పుడే సేవ్ చేసిన మార్పు జాబితాలో కనిపించదు. పేజ్‌షో ఈవెంట్‌లో పర్సిస్టెడ్ విలువ ఒప్పు అయితే ఆ ఒక్క వరుసను తాజాపరచండి. కాష్ కంట్రోల్‌లో నో-స్టోర్ పెట్టి మొత్తాన్ని ఆపేయమని కొందరు చెబుతారు. గోప్యమైన పేజీలకు అది సబబే, మామూలు జాబితాకు పెడితే బ్యాక్ నెమ్మదిస్తుంది.

సెషన్ ఊరికే పోతుంటే ఎక్కడ చూడాలి

నెట్‌వర్క్ ట్యాబ్‌లో సెషన్ గుర్తింపును మోసే జేసెషన్ఐడీ కుకీ విలువను రెండు వరుస రిక్వెస్ట్‌లలో పోల్చండి. మారుతోందంటే సర్వర్ కొత్త సెషన్ ఇస్తోంది. కారణాలు ఇవి కావచ్చు: ఒక లింకులో లోకల్‌హోస్ట్ అనీ మరో లింకులో 127.0.0.1 అనీ ఉండటం. కుకీకి సెక్యూర్ గుర్తు ఉండి పేజీ హెచ్‌టీటీపీలో తెరుచుకోవడం. రెండు వేర్వేరు అప్లికేషన్ల మధ్య తిరగడం, ఒకదాని సెషన్ మరొకదానికి చెందదు. రెండు సర్వర్లు ఉండి లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్ట్‌లను సర్వర్లకు పంచేది) యూజర్‌ను ఒకేదానికి అంటిపెట్టకపోవడం. కుకీ మారకుండా వివరం మాత్రమే పోతోందంటే తప్పు మీ కోడ్‌లో ఉంది. రిమూవ్‌అట్రిబ్యూట్ ఎక్కడెక్కడ ఉందో వెతకండి. అలాగే గెట్‌సెషన్‌ను ఖాళీగా పిలిస్తే లేని సెషన్‌ను పుట్టిస్తుంది. ఉందో లేదో చూడటానికే అయితే ఫాల్స్ ఇచ్చి పిలవండి, లేకపోతే గడువు తీరిన సంగతి మీకే తెలియకుండా పోతుంది.

పనిచేస్తోందని ఎలా తేల్చుకోవాలి

కోడ్ రాసినవారు తాము అనుకున్న దారిలోనే నొక్కి చూస్తారు. ఈ పరీక్షలు ఆ దారి తప్పించడానికే. వీలైతే కోడ్ రాయని మనిషి చేత చేయించండి.

- ఫిల్టర్, వరుస, పేజీ సంఖ్య మార్చి ఆ చిరునామాను కాపీ చేయండి. వేరే బ్రౌజర్‌లో లాగిన్ అయి అతికించండి. అదే జాబితా రావాలి.
- వెతికే పదంగా తెలుగు మాట, ఖాళీ, "&", ఉటంకింపు గుర్తు కలిపి ఇవ్వండి. మూడు పేజీలు ముందుకు, రెండు వెనక్కి వెళ్లండి. గడిలో పదం అక్షరం మారకుండా ఉండాలి. గెట్‌లో సరిగ్గా ఉండి పోస్ట్‌లో తెలుగు చెడిపోతుంటే గెట్‌పారామీటర్‌కు ముందే సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ పిలిచారా చూడండి. సర్వ్‌లెట్ 4.0 నుంచి వెబ్ ఎక్స్‌ఎంఎల్‌లోనే రిక్వెస్ట్ ఎన్‌కోడింగ్‌ను ప్రకటించవచ్చు.
- సేవ్ చేశాక రిఫ్రెష్ నొక్కండి. బ్రౌజర్ ఏ ప్రశ్నా అడగకూడదు, సందేశం మాయం కావాలి, డేటాబేస్‌లో ఒకే వరుస ఉండాలి.
- ఫారంలో ఒక టిక్ పెట్టి ముందుకు వెళ్లి, వెనక్కి వచ్చి తీసేసి, మళ్లీ ముందుకు వెళ్లి రండి. టిక్ తిరిగి కనిపించకూడదు.
- సెషన్ గడువును ఒక నిమిషానికి తగ్గించి, ఫారం మధ్యలో రెండు నిమిషాలు ఆగి సబ్మిట్ చేయండి. గడువు సందేశం రావాలి. 500 లోపం రాకూడదు, సగం దరఖాస్తూ భద్రం కాకూడదు.
- ఫారం మధ్యలో ఉండగా సర్వర్‌ను ఆపి మళ్లీ నడపండి. చిత్తుప్రతి నిలవాలా వద్దా అన్నది మీ నిర్ణయం, కానీ నిలవకపోతే యూజర్‌కు ఆ మాట స్పష్టంగా కనిపించాలి.
- చివరిగా రెండు ట్యాబ్‌లు. ఒకదానిలో ఒక రికార్డు, రెండోదానిలో ఇంకో రికార్డు తెరవండి. రెండోదానిలో ఒక పేజీ ముందుకు వెళ్లండి. మొదటిదానికి తిరిగి వచ్చి ఒక విలువ మార్చి సేవ్ చేయండి. తెర మీద వచ్చిన సందేశాన్ని నమ్మకుండా డేటాబేస్ తెరిచి రెండు వరుసలనూ మీ కళ్లతో చూడండి.